ప్రెస్-ఆన్ గోళ్లు: ఏ గమ్ వాడాలి? గోరు పాడవకుండా ఎట్లా తీయాలి?

గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే చాలు, మెహందీ చేతులకు పొడుగాటి మెరిసే గోళ్లు కూడా తోడవుతున్నాయి. ఒకప్పుడు హైదరాబాద్ పార్లర్లకే పరిమితమైన కృత్రిమ గోళ్లు ఇప్పుడు ఫ్యాన్సీ షాపుల్లో, ఆన్‌లైన్‌లో సెట్లుగా దొరుకుతున్నాయి. వీటినే ప్రెస్-ఆన్ నెయిల్స్ అంటారు. ఇంట్లోనే పావుగంటలో అంటించుకోవచ్చు.

అయితే కొనేటప్పుడు చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "ఏ గమ్ గట్టిగా పట్టుకుంటది?" నిజానికి ముందు అడగాల్సింది వేరే ఉంది: "దీన్ని ఎప్పుడు తీయాలి, ఎట్లా తీయాలి?" కృత్రిమ గోళ్లతో సొంత గోరు దెబ్బతినేది ఎక్కువగా అంటించేటప్పుడు కాదు, తీసేటప్పుడు. గమ్‌ను తీసే రోజును బట్టి ఎంచుకుంటే సగం ఇబ్బందులు రావు.

గోరు గురించి ముందుగా

మనకు కనిపించే గోరు కెరటిన్ అనే గట్టి ప్రొటీన్‌తో తయారైన పలచని పొరల దొంతర. అందులో ప్రాణం ఉండదు, అందుకే కత్తిరించినా నొప్పి లేదు. కానీ దాని కింద ఉండే మెత్తని చర్మం, గోరు పుట్టే మొదలు రెండూ జీవం ఉన్నవే. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మొదలు నుంచి కొస దాకా పూర్తిగా కొత్త గోరు రావడానికి 4 నుంచి 6 నెలలు పడుతుంది.

అంటే వలీమా రోజు రాత్రి తొందరలో ఒక్క గుంజు గుంజితే, పై పొరలు లేచి తెల్లని మచ్చలతో మిగిలిన గోరు పూర్తిగా బాగుపడాలంటే ఆరు నెలలు ఆగాల్సి రావచ్చు. ఏ నూనె, ఏ క్రీము రాసినా చచ్చిన పొర మళ్లీ అతుక్కోదు. అది పెరిగి, కత్తిరించుకుని పోవాల్సిందే.

గమ్‌లు ఎన్ని రకాలు?

1. స్టిక్కర్ ట్యాబ్‌లు. ఇవి జెల్లీలా ఉండే రెండు వైపులా అంటుకునే చిన్న ముక్కలు. గోళ్ల సెట్‌తో పాటే షీటుగా వస్తాయి. ఇందులో గమ్ గట్టిపడదు, నొక్కుడుకు అంటుకుంటుంది, అంతే. కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల దాకా ఉంటుంది. గోరువెచ్చని సబ్బు నీళ్లు, కొంచెం నూనెతో ఊడొస్తుంది. గోళ్లను మళ్లీ వాడుకోవచ్చు. లోపం ఏమిటంటే అంట్లు తోమినా, చేతులు ఎక్కువసేపు తడిసినా జారిపోతుంది. మన దగ్గర ఎండాకాలంలో చెమటకు కూడా తొందరగా వదులవుతుంది.

2. నెయిల్ గ్లూ. చిన్న ట్యూబుల్లో లేదా బ్రష్ ఉన్న సీసాల్లో వస్తుంది. ఇది సయనోఅక్రిలేట్ అనే రసాయనం. గాలిలో, గోటి మీద ఉండే సన్నని తేమ తగలగానే సెకన్లలో గట్టి ప్లాస్టిక్‌గా మారిపోతుంది. సరిగా పెడితే వారం దాకా ఉంటుంది. ఒట్టి నీళ్లకు తొందరగా రాదు. అసిటోన్‌తో నానబెట్టి తీయాలి.

3. జెల్ గమ్. ఇది యూవీ లేదా ఎల్‌ఈడీ లైటు కింద పెడితేనే గట్టిపడుతుంది. రెండు మూడు వారాలు ఉంటుంది. ఇందులో మిథాక్రిలేట్ జాతి రసాయనాలు ఉంటాయి. లైటు సరిగా అందకపోతే లోపల పచ్చిగానే మిగిలిపోతుంది, ఆ పచ్చి జెల్ చర్మానికి తగిలితే అలర్జీ మొదలవుతుంది. రంగు వేసిన గోటి గుండా లైటు కిందికి వెళ్లదు కాబట్టి పారదర్శకంగా ఉన్న గోళ్లకే ఈ జెల్ సరిపోతుంది.

4. అక్రిలిక్. పొడి, ద్రవం కలిపి గోటి మీదే అచ్చుపోసే పద్ధతి. ఇది అసలు గమ్ కాదు. పార్లర్ పని, ఇంట్లో చేసుకునేది కాదు. తీయాలన్నా మళ్లీ పార్లర్‌కే వెళ్లాలి.

ఇందులో ఒక మాట గుర్తుంచుకోవాలి. చౌకగా చేసే కొన్ని చోట్ల ఎంఎంఏ అనే ద్రవం, అంటే మిథైల్ మిథాక్రిలేట్ వాడతారు. దీని వల్ల గోళ్లు దెబ్బతిన్న ఫిర్యాదులు రావడంతో అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1970లలోనే వంద శాతం ఎంఎంఏ ఉన్న నెయిల్ ద్రవాలపై చర్య తీసుకుంది. ఎంఎంఏ గోరు చాలా గట్టిగా ఉంటుంది, అసిటోన్‌లో తొందరగా నానదు. దేనికైనా తగులుకుంటే అది విరగదు, సొంత గోరునే లేపుకుని వస్తుంది. ముక్కు పగిలే ఘాటు వాసన దీని గుర్తు.

ఫెవిక్విక్ పెడితే ఏమైతది?

ట్యాబ్ ఊడిపోయినప్పుడు ఇంట్లో చేతికి దొరికేది కిరాణా షాపు ఫెవిక్విక్ ట్యూబే. "అదీ ఇదీ ఒకటే గదా" అని చాలామంది వాడేస్తారు. కుటుంబం ఒకటే అన్న మాట నిజం, రెండూ సయనోఅక్రిలేటే. ఈ రసాయనం 1942లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కోడాక్ కంపెనీ శాస్త్రవేత్త హ్యారీ కూవర్ బృందానికి మొదట ఎదురైంది. వాళ్లు తుపాకీ గురి అద్దాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ వెతుకుతున్నారు. తగిలిన ప్రతిదానికీ అంటుకుంటోందని దాన్ని పక్కన పడేశారు. 1951లో దాని విలువ గుర్తించి, 1958లో గమ్‌గా మార్కెట్‌లోకి తెచ్చారు.

ఆస్పత్రుల్లో గాయాలు అతికించే గమ్ కూడా ఇదే కుటుంబం. కానీ అది చర్మానికి సరిపడేలా మార్చి, పరీక్షించిన వేరే రకం. చెప్పులు, ప్లాస్టిక్ బొమ్మలు అతికించే గమ్‌ను ఒంటి మీద వాడటానికి తయారుచేయలేదు. అది మరీ పలచగా ఉండి గోటి పక్క చర్మంలోకి పారుతుంది. గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక: సయనోఅక్రిలేట్ గమ్ ఏదైనా, నెయిల్ గ్లూతో సహా, దూది మీద, నూలు బట్ట మీద ఎక్కువగా పడితే చర్య ఒక్కసారిగా వేగంగా జరిగి మంట పుట్టేంత వేడి వస్తుంది. ఒలికిన నెయిల్ గ్లూ బట్టలోంచి చర్మాన్ని కాల్చిన కేసులు, పిల్లలవి కూడా, వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అందుకే ఒడిలో పెట్టుకుని, దుపట్టా పరుచుకుని ఈ పని చేయవద్దు. బల్ల మీద స్టీలు ప్లేటు పెట్టుకుని చేయాలి. ఒలికిన గమ్‌ను దూదితో తుడవొద్దు.

అంటించే పద్ధతి

- చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. నూనె, క్రీము ఏదీ ఉండొద్దు. తేమ లోపల చిక్కుకుంటే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చేరి గోరు పచ్చగా మారుతుంది.
- ముందు అన్ని వేళ్లకూ సైజు చూసుకోవాలి. గోరు చర్మాన్ని నొక్కకూడదు. సరైన సైజు లేకపోతే కొంచెం పెద్దది తీసుకుని పక్కల రుద్ది సరిచేయాలి.
- సొంత గోటిని ఆకురాయితో గట్టిగా రుద్దవద్దు. మెత్తని బఫర్‌తో మెరుపు పోయేలా ఒకటి రెండు సార్లు రుద్దితే చాలు. గోరు పలచబడితే కింద చర్మానికి రసాయనం సులువుగా చేరుతుంది.
- నెయిల్ గ్లూ అయితే ఒక చిన్న చుక్క చాలు. గోరు మొదట్లో చర్మానికి దగ్గరగా ఆనించి, ఏటవాలుగా దించుతూ గాలి బయటకు పోయేలా నొక్కాలి. అర నిమిషం పట్టుకోవాలి.
- గమ్ చర్మానికి తగలకూడదు. గోటి చుట్టూ సన్నని గీత అంత ఖాళీ ఉండాలి.
- పెళ్లి కూతురికైతే ఆ రోజే మొదటిసారి ప్రయోగం చేయవద్దు. వారం పది రోజుల ముందు ఒక వేలికి పెట్టి రెండు మూడు రోజులు చూడాలి. దురద, ఎర్రదనం కనిపిస్తే ఆ గమ్ మానేయాలి.

తీసే పద్ధతి

ట్యాబ్‌లకు: గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, సబ్బు, ఒక చెంచా కొబ్బరి నూనె వేసి 10 నుంచి 15 నిమిషాలు చేతులు నానబెట్టాలి. అంచుల్లో నూనె చుక్క వేసి, పక్కల నుంచి మెల్లగా అటూ ఇటూ కదపాలి. ముందు కొస నుంచి పైకి లేపొద్దు.

నెయిల్ గ్లూకు: ముందు కృత్రిమ గోటిని కత్తిరించి పొట్టిగా చేసుకోవాలి. చుట్టూ చర్మానికి వ్యాసలీన్ రాయాలి. అసిటోన్‌లో తడిపిన దూదిని గోటి మీద పెట్టి, అల్యూమినియం ఫాయిల్ చుట్టి 15 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. గట్టిపడిన గమ్ మీద దూది పెట్టడం వల్ల పైన చెప్పిన వేడి ప్రమాదం లేదు. మెత్తబడ్డాక చెక్క పుల్లతో తోస్తే వచ్చేస్తుంది. రాకపోతే మళ్లీ పది నిమిషాలు. బలవంతంగా పీకొద్దు. తర్వాత చేతులు కడిగి నూనె రాయాలి, అసిటోన్ చర్మాన్ని బాగా ఎండగొడుతుంది.

రిమూవర్ కొనేటప్పుడు సీసా మీద చదవాలి. "అసిటోన్ లేనిది" అని రాసి ఉంటే అది నెయిల్ పాలిష్‌కే పనికొస్తుంది, గ్లూను సరిగా కరిగించదు.

అసిటోన్ పెట్రోలు లాగే చాలా తొందరగా అంటుకునే ద్రవం. వంటింట్లో, గ్యాస్ స్టవ్ దగ్గర, దీపం, అగర్‌బత్తి ముందు ఈ పని పెట్టుకోవద్దు. కిటికీలు తెరిచి కూర్చోవాలి. వేడి చేయడానికి స్టవ్ మీద ఎప్పుడూ పెట్టొద్దు. కొన్ని ప్లాస్టిక్ గిన్నెలను అది కరిగిస్తుంది కాబట్టి గాజు గిన్నె గానీ స్టీలు గిన్నె గానీ వాడాలి.

అసిటోనైట్రైల్ అనే మరో ద్రావకం పేరు కూడా గుర్తుంచుకోవాలి. పేరు దగ్గరగా ఉన్నా ఇది వేరే రసాయనం, ఒంట్లోకి వెళ్తే సయనైడ్‌గా మారుతుంది. ఇది ఉన్న గ్లూ రిమూవర్ మింగి అమెరికాలో 1980లలో 16 నెలల బిడ్డ చనిపోయింది. లేబుల్ మీద ఆ పేరు ఉంటే కొనవద్దు. ఏ రిమూవర్ అయినా పిల్లలకు అందకుండా పెట్టాలి.

వుజూ, గుస్ల్ సంగతి

ముస్లిం కుటుంబాల్లో గమ్ ఎంపికకు ఇంకో లెక్క ఉంది. వుజూలో, గుస్ల్‌లో గోళ్లకు నీరు తగలాలి. మెహందీ రంగు మాత్రమే మిగులుస్తుంది, పొర కాదు, కాబట్టి దానితో ఇబ్బంది లేదు. కృత్రిమ గోరు, దాని కింద గమ్ మాత్రం నీటిని ఆపే అడ్డుపొరలు. వుజూ చేసుకున్నాక గోళ్లు అంటించుకుంటే ఆ వుజూ ఉన్నంత సేపు నమాజు చేసుకోవచ్చు. వుజూ పోతే మళ్లీ చేసే ముందు వాటిని తీయాలి. గుస్ల్ తప్పనిసరి అయినప్పుడూ అంతే. కృత్రిమ గోళ్లు పెట్టుకోవడమే తగదని చెప్పే ఉలమా కూడా ఉన్నారు. ఆ విషయం తమకు నమ్మకమైన ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవడం మంచిది.

అందువల్ల నమాజు చేసే మహిళలకు వారం రోజుల గ్లూ, మూడు వారాల జెల్ రెండూ ఇబ్బందే. రోజుకు ఐదుసార్లు అసిటోన్‌తో నానబెట్టడం కుదరదు, తొందరలో పీకితే గోరు పోతుంది. ఫోటోలు, స్టేజీ కార్యక్రమం జరిగే రెండు మూడు గంటల కోసమైతే స్టిక్కర్ ట్యాబ్ ఒక్కటే పనికొస్తుంది. షాదీఖానాకు వెళ్లేటప్పుడు హ్యాండ్‌బ్యాగులో చిన్న నూనె సీసా పెట్టుకుంటే అక్కడే తీసుకోవచ్చు.

అలర్జీ: ఒకసారి వస్తే పోదు

జెల్, అక్రిలిక్ రసాయనాలు పచ్చిగా ఉన్నప్పుడు పదే పదే చర్మానికి తగిలితే కొందరి శరీరం వాటిని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. వేలి కొసలు పగలడం, గోటి చుట్టూ దురద, గోరు పైకి లేవడం దీని లక్షణాలు. చేతులు మొహానికి తగులుతాయి కాబట్టి కనురెప్పలు వాచడం కూడా కనిపిస్తుంది. చాలామంది దాన్ని కాటుక అలర్జీ అనుకుంటారు.

ఈ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. దాని ప్రభావం గోళ్లతో ఆగదు. పళ్లలో నింపే సిమెంటు, కీళ్ల మార్పిడిలో వాడే బోన్ సిమెంటు, ఒంటికి అంటించే షుగర్ సెన్సర్ల గమ్ లాంటి వాటిలో ఇదే కుటుంబపు రసాయనాలు ఉంటాయి. ఇరవై ఏళ్ల వయసులో గోళ్ల కోసం తెచ్చుకున్న అలర్జీ అరవై ఏళ్ల వయసులో మోకాలి ఆపరేషన్ దగ్గర అడ్డం రావచ్చు.

బ్రిటన్ చర్మవైద్యుల సంఘం 2018లో దీనిపై బహిరంగ హెచ్చరిక చేసింది. బ్రిటన్, ఐర్లాండ్ చర్మవ్యాధి కేంద్రాల్లో పరీక్షించిన రోగుల్లో 2.4 శాతం మందికి ఈ జాతి రసాయనాల్లో కనీసం ఒకదానికి అలర్జీ ఉన్నట్టు తేలింది. యూరోపియన్ యూనియన్‌లో జెల్‌లో వాడే హేమా అనే రసాయనాన్ని శిక్షణ పొందిన వృత్తిదారులే వాడాలనే నిబంధన 2021 నుంచి ఉంది. లైటుకు జెల్ గట్టిపడటానికి కలిపే టీపీఓను 2025 సెప్టెంబర్ 1 నుంచి అక్కడ కాస్మెటిక్స్‌లో నిషేధించారు.

పార్లర్ నడిపేవారికి ఇంకా ప్రమాదం

కస్టమర్ నెలకోసారి వస్తుంది. గోళ్లు పెట్టే మనిషి మాత్రం రోజూ ముట్టుకుంటుంది. బొగ్గు బెల్ట్‌లో బ్యూటీషియన్ కోర్సు నేర్చుకుని క్వార్టర్లలో, ఇంటి ముందు గదిలో పార్లర్ పెట్టుకున్న మహిళలు చాలామందే ఉన్నారు. సింగరేణి సేవా సమితి కూడా కార్మిక కుటుంబాల మహిళలకు ఇలాంటి ఉపాధి శిక్షణలు ఇస్తోంది. చేతికి అలర్జీ వస్తే వీళ్లకు పోయేది అందం కాదు, సంపాదన.

అందుకే నైట్రైల్ గ్లోవ్స్ వాడాలి, కానీ ఒక్క జత రోజంతా వాడొద్దు. ఈ రసాయనాలు పలచని గ్లోవ్ గుండా నిమిషాల్లోనే లోపలికి చేరతాయి. జెల్ అంటగానే మార్చాలి. గోళ్లు రుద్దేటప్పుడు మాస్కు, గదిలో గాలి ఆడే కిటికీ ఉండాలి. బ్రష్ వేళ్లతో తుడవొద్దు. లైటు, జెల్ ఒకే కంపెనీవి వాడితే సరిగా గట్టిపడే అవకాశం ఎక్కువ.

కస్టమర్లు కూడా మొహమాటపడకుండా అడగాలి: "అక్కా, ఈ లిక్విడ్ ఏంటిది? డబ్బా ఒకసారి చూపిస్తరా?" పేరు లేని సీసాలో పోసి వాడుతుంటే లేచి రావడమే మేలు.

ఎవరు పెట్టుకోవద్దు?

- నర్సులు, ల్యాబ్, ఆపరేషన్ థియేటర్ సిబ్బంది. రోగులను నేరుగా తాకే వైద్య సిబ్బంది కృత్రిమ గోళ్లు పెట్టుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 చేతుల శుభ్రత మార్గదర్శకాల్లో ఉంది. వాటి కింద క్రిములు కడిగినా పోవు.
- ఆపరేషన్‌కు, కాన్పుకు వెళ్లేవారు. వేలికి పెట్టే ఆక్సిమీటర్ రీడింగ్‌కు గోళ్లు అడ్డం రావచ్చు.
- గోటికి ఫంగస్, పుండు, చీలిక ఉన్నవారు. కప్పిపెడితే ముదురుతుంది.
- చిన్న పిల్లలు. వాళ్ల గోళ్లు పలచన, నోట్లో పెట్టుకునే అలవాటు కూడా ఉంటుంది.
- వర్క్‌షాపుల్లో, యంత్రాల దగ్గర, క్యాంటీన్ పొయ్యిల దగ్గర పని చేసే మహిళలు డ్యూటీ వేళల్లో. గ్లోవ్స్ చిరుగుతాయి, దేనికైనా తట్టుకుంటే గోరు లేస్తుంది, ప్లాస్టిక్ గోరు మంటకు అంటుకుంటుంది.

ప్రమాదం జరిగితే

వేళ్లు అతుక్కుంటే గుంజొద్దు. గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి, ఒకదాని మీద ఒకటి దొర్లించినట్టు మెల్లగా విడదీయాలి.

గమ్ కంట్లో పడితే వెంటనే మంచినీళ్లతో కడుగుతూ ఉండాలి. రెప్పలు అతుక్కుంటే బలవంతంగా తెరవొద్దు. అసిటోన్ దగ్గరికి కూడా తేవొద్దు. నేరుగా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నెయిల్ గ్లూ సీసా కంటి చుక్కల సీసాలా ఉంటుంది, రెండూ ఒకే చోట పెట్టొద్దు.

బట్ట మీద ఒలికి చర్మం కాలుతుంటే చల్లని నీళ్లు ఎక్కువగా పోయాలి. అంటుకున్న బట్టను పీకకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

గోటి చుట్టూ చీము, ఆగని నొప్పి, పచ్చ లేదా నల్ల రంగు కనిపిస్తే కృత్రిమ గోళ్లు తీసేసి చర్మ డాక్టర్‌కు చూపించాలి. సింగరేణి కుటుంబాలకు ఏరియా ఆస్పత్రి ఉంది, మిగతావారు గోదావరిఖని ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లవచ్చు.

కొనేటప్పుడు చూడాల్సినవి

మన దేశంలో కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబర్, ఎప్పటి లోపు వాడాలన్న తేదీ, కలిపిన పదార్థాల జాబితా ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబర్ కూడా ఉండాలి. ఇవేవీ లేకుండా సెట్‌లో ఉచితంగా వచ్చే గ్లూ ట్యూబును పారేసి, ట్యాబ్‌లు వాడుకోవడం మంచిది.

ఒక్క చూపులో

- కొన్ని గంటల ఫంక్షన్, నమాజు చేసేవారు: స్టిక్కర్ ట్యాబ్. తీయడానికి గోరువెచ్చని నీళ్లు, నూనె.
- మూడు నాలుగు రోజుల నుంచి వారం దాకా: పూర్తి లేబుల్ ఉన్న నెయిల్ గ్లూ. తీయడానికి అసిటోన్, ఇరవై నిమిషాల ఓపిక.
- రెండు మూడు వారాలు: జెల్, అదీ శిక్షణ ఉన్న చేతితోనే. తీయడం కూడా వాళ్ల దగ్గరే.
- ఫెవిక్విక్ లాంటి ఇంటి గమ్‌లు: ఎన్ని రోజులకైనా వద్దు.

ఒకసారి తీశాక వెంటనే మళ్లీ కొత్త సెట్ పెట్టకుండా కొన్ని రోజులు గోళ్లను అలాగే వదిలేయాలి. కింద మచ్చ ఉందా, పలచబడిందా, రంగు మారిందా అని చూసుకోవడానికి అదే సమయం.